సలాం బాంబే: ఇంటి చిరునామా చెప్పలేని బాలుని కథ

మీరా నాయర్ దర్శకత్వంలో 1988లో వెలువడిన హిందీ చిత్రం ‘సలాం బాంబే’. మహానగరంలోని నిరుపేద బాలల జీవితాన్ని, ఆ జీవితం నేరం వైపు ఒరిగిపోయే తీరును చూపిన భారతీయ చిత్రాలలో దీనికి ప్రత్యేక స్థానం ఉంది. ఆ ఏడాది ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవంలో తొలి చిత్ర దర్శకులకిచ్చే ‘కెమెరా డోర్’ బహుమతి పొందింది. ‘మదర్ ఇండియా’ తరువాత ఆస్కార్ తుది పోటీకి చేరిన రెండవ భారతీయ చిత్రం ఇదే. ఇందులో ప్రధాన పాత్ర ధరించిన బాలుడు బెంగళూరు మురికివాడ నుండి వచ్చినవాడు. పిల్లలను బెంగళూరు బస్సెక్కించే మన తాలూకాల తల్లిదండ్రులు ఈ చిత్రాన్ని గురించి తెలుసుకోవలసిన కారణాలు ఇంకా ఉన్నాయి.

కథ చిన్నదే. కృష్ణ అనే బాలుడు అన్న మీది కోపంతో అతని మోటారు సైకిలుకు నిప్పు పెడతాడు. తల్లి వాణ్ణి ఒక సర్కస్ కంపెనీలో వదిలి, బండి నష్టానికి 500 రూపాయలు సంపాదించిన తరువాతే ఇంటికి రమ్మంటుంది. ఒకనాడు యజమాని ఏదో పనిమీద పంపగా, కృష్ణ తిరిగి వచ్చేసరికి సర్కస్ డేరాలు ఎత్తుకొని వెళ్ళిపోయి ఉంటుంది. చేతిలో డబ్బు లేనిదే ఇంటికి పోరాదు గనుక బొంబాయి రైలెక్కుతాడు. అక్కడ టీ అంగడిలో గ్లాసులు అందించే పని దొరుకుతుంది. ‘చాయ్‌పావ్’ అనే కొత్త పేరు వస్తుంది, సొంత పేరు మరుగున పడుతుంది. మత్తుమందుకు బానిసైన చిల్లమ్ అనే యువకుడు వాడికి అన్న వంటివాడవుతాడు. ఆ మత్తుమందు వ్యాపారి బాబా, అతని భార్యయై వేశ్యావృత్తిలో ఉన్న రేఖ, వారి పసిపిల్ల మంజు, అమ్ముడుపోయి ఆ ఇంటికి వచ్చిన ‘సోలాసాల్’ అనే అమ్మాయి, వీరే వాడి లోకం. కృష్ణ పైసా పైసా దాచుకుంటాడు. ఆ సొమ్మును చిల్లమే తీసుకొని మత్తుమందుకు ఖర్చు చేసి, చివరకు ఆ మందుతోనే చనిపోతాడు. దొంగతనం, పోలీసులు, బాలల గృహం, అక్కడి నుండి పరారీ, చివరకు ఒక హత్య. వినాయకుని ఊరేగింపు జనంలో రేఖ చేయి కూడా జారిపోగా, ఒంటరిగా కూర్చొని జేబులోని బొంగరానికి తాడు చుట్టుతూ ఏడ్చే కృష్ణ ముఖంతో చిత్రం ముగుస్తుంది.

నేర చిత్రాలలో సాధారణంగా పేద బాలుడు పగతోనో, పెద్ద దొరవుదామన్న ఆశతోనో కత్తి పడతాడు. మన తెలుగు, కన్నడ చిత్రాలు ఈ దారిలో వందలు వచ్చాయి. కృష్ణకు దొర కావాలన్న కోరిక లేదు, ఇంటికి పోవాలన్నదే కోరిక. వాడు చేసే ప్రతి తప్పూ ఆ 500 రూపాయల కోసమో, తనను ఆదరించిన మనిషి కోసమో చేసినదే. దారిద్ర్యం ఒక్కటే పిల్లవాణ్ణి నేరస్థుని చేయదు, తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయినప్పుడే దారిద్ర్యం ఆ పని చేయగలుగుతుంది. ఈ చిత్రంలో ఆ దారిని మొదట మూసినది కన్నతల్లి కోపంలో పెట్టిన షరతు. “డబ్బు తెచ్చాకే గడప తొక్కు” అనే మాట మన ఇళ్ళలోనూ విననిది కాదు. ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితాలు వచ్చిన వారంలో మరీ ఎక్కువ. పెద్దలు ఆ మాటను సాయంత్రానికి మరచిపోతారు, పిల్లలు మరువరు.

చిత్రంలో మరొక ఘట్టం ఉంది. కృష్ణ తల్లికి ఉత్తరం వ్రాయించుకోవడానికి వీధిలో ఉత్తరాలు వ్రాసేవాని దగ్గరకు పోతాడు. (ఆ చిన్న పాత్ర వేసినవాడు ఇర్ఫాన్ ఖాన్. తరువాత ప్రపంచమంతా గుర్తించిన ఆ నటునికి ఇదే తొలి చిత్రం. 2020లో కన్నుమూశాడు.) బాలుడు మనసులోని మాటలన్నీ చెబుతాడు గాని, వాడు చెప్పగలిగిన చిరునామా ఉత్తరం చేరడానికి చాలదు. తల్లి ఆ మాటలు ఎన్నటికీ చదువదు.

చిరునామా విషయంలో మన సరిహద్దు పిల్లల చిక్కు కృష్ణ చిక్కుకన్న పెద్దది. ‘పల్లి’ అనీ ‘పల్లె’ అనీ ముగిసే ఊర్లు గీతకు ఇటూ అటూ కూడా ఉన్నాయి, ఒకే పేరుగల ఊర్లూ ఉన్నాయి. తాతను అడిగితే మనది కోలారు జిల్లా అంటాడు. 2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయినది. అవతలి హిందూపురం, గోరంట్ల వైపు 2022 వరకు అనంతపురం జిల్లా, ఆ తరువాత శ్రీ సత్యసాయి జిల్లా. పిన్ కోడు చూద్దామంటే ఒకే జిల్లాలో చిక్కబళ్ళాపురానికి 562101, బాగేపల్లికి 561207, చింతామణికి 563125. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే ఎనిమిదేళ్ళ పిల్లవాడు బెంగళూరు మెజెస్టిక్‌లో తప్పిపోయి భయంతో తెలుగులో ఏడిస్తే, వీడు ఆంధ్రవాడని ఎవరైనా అనుకోవచ్చు, వెతకడం తప్పు రాష్ట్రంలో మొదలు కావచ్చు. ఊరు, హోబళి, తాలూకా, జిల్లా, రాష్ట్రం, ఒక ఫోను సంఖ్య, ఇవి పిల్లవాడు రెండు భాషలలోనూ తడబడకుండా చెప్పగలగాలి. మూడవ తరగతిలో మగ్గి బల్లతో పాటు దీన్ని కూడా ఒప్పజెప్పించుకోవడం కష్టమేమీ కాదు.

చిత్రం నడిచే ప్రదేశం ఫాక్లండ్ రోడ్డు, గ్రాంట్ రోడ్డు రైల్వే స్టేషన్ సమీపం. దాని పక్కనే ఉన్నది కామాటిపుర. వేశ్యావాటికగా అపఖ్యాతి పొందిన ఆ పేట పేరు నిజానికి తెలుగువారి పేరు. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుండి వెళ్ళి బొంబాయి నగర నిర్మాణంలో రాళ్ళు మోసిన కూలీలను ‘కామాటీలు’ అనేవారు. వారు గుడిసెలు వేసుకున్న చోటు గనుక కామాటిపుర. కడుపు చేతపట్టుకొని వెళ్ళిన మన వారి పేరు చివరకు ఎటువంటి వీధికి మిగిలిందో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. అక్కడ నేటికీ తెలుగు కుటుంబాలు గౌరవంగా బ్రతుకుతున్నాయన్నది కూడా చెప్పుకోవాలి.

ఈ చిత్రంలోని బాలలలో ఎక్కువ మంది నిజంగా వీధులలో బ్రతికినవారే. రంగస్థల దర్శకుడు బారీ జాన్ వారికి కొన్ని వారాలు శిక్షణ ఇచ్చాడు. కథను దర్శకురాలితో కలిసి రూపొందించి సంభాషణాక్రమం కూర్చినది సూనీ తారాపోరేవాలా. బాబాగా నానా పాటేకర్, చిల్లమ్‌గా రఘువీర్ యాదవ్, రేఖగా అనితా కన్వర్ నటించారు. సంగీతం వయొలిన్ విద్వాంసుడు ఎల్. సుబ్రహ్మణ్యం. కృష్ణ పాత్రధారి షఫీక్ సయ్యద్ బెంగళూరు నుండి, సినిమాలో చూసిన బొంబాయి నిజంగా అలాగే ఉంటుందా అని చూడడానికి పారిపోయి వచ్చి, చర్చిగేట్ స్టేషన్ దగ్గర పడుకునేవాడు. ఈ చిత్రంలో నటనకు ఉత్తమ బాలనటునిగా జాతీయ పురస్కారం అందుకున్నాడు. ‘పతంగ్’ (1993) అనే మరొక చిత్రంలో కనిపించాడు. అటుపై అవకాశాలు లేక బెంగళూరుకు తిరిగి వచ్చి ఆటో నడుపుకున్నాడు. 2009లో ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు ఆస్కార్‌లు వచ్చినప్పుడు పత్రికలు ఆయనను మళ్ళీ వెతికి వ్రాశాయి. రాష్ట్రపతి పురస్కారం పొందినవాడు ఆటో నడపడమా అని జాలిపడినవారు చాలామంది. ఆటో నడిపి సంసారం ఈదడం జాలిపడవలసిన సంగతి కాదని నా అభిప్రాయం. బ్రెజిల్ దేశపు ‘పిషోటే’ (1981) చిత్రంలో ఇటువంటి వీధి బాలుని పాత్రే వేసిన ఫెర్నాండో రామోస్ డ సిల్వా, 1987లో 19 ఏళ్ళ వయసులో పోలీసు కాల్పులలో చనిపోయాడు. షఫీక్ తన ఊరికి, తన వారి వద్దకు తిరిగి రాగలిగాడు. చిత్రంలోని కృష్ణకు అది దక్కలేదు.

చిత్రం వల్ల వచ్చిన సొమ్ముతో 1988లో ‘సలాం బాలక్ ట్రస్ట్’ ఏర్పడింది. ఢిల్లీ రైల్వే స్టేషన్‌లో చేరే బాలలకు అది ఆశ్రయం. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా నుండి పారిపోయి వచ్చి, ఆ ట్రస్టు నీడన చదువుకొని ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడైన విక్కీ రాయ్ సంగతి చాలామంది ఎరుగుదురు. బెంగళూరులో ఇటువంటి పనిని ‘బాస్కో’ సంస్థ 1980 నుండి చేస్తున్నది.

చిత్రంలో మంజును బాలల గృహంలో పెట్టిన అధికారులు, తల్లి వేశ్య గనుక బిడ్డను తిరిగి ఇవ్వమంటారు. చూడడానికి చాలా కష్టమైన ఘట్టమిది. నేటి చట్టం కొంత మారింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం దొరికిన పిల్లవాణ్ణి, ప్రయాణ సమయం పోను, 24 గంటలలోగా జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకురావాలి. సొంత కుటుంబానికి చేర్చే ప్రయత్నమే ముందు జరగాలి. 1996లో బొంబాయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ మొదలుపెట్టిన 1098 ఫోను సేవను ఇప్పుడు ప్రభుత్వమే నడుపుతున్నది. ఖర్చు లేకుండా ఎక్కడి నుండైనా ఆ సంఖ్యకు చేయవచ్చు.

చిత్రంలో లోపాలు లేకపోలేదు. పల్లెను, తల్లిని అసలు చూపనే లేదు. ఆమె వైపు మాట ఏమిటో మనకు తెలియదు. నిడివి సుమారు 113 నిమిషాలు, భాష బొంబాయి వీధి హిందీ. వేశ్యావాటిక, మత్తుమందు దృశ్యాలు ఉన్నందున చిన్న పిల్లలతో కలిసి చూడదగినది కాదు. హైస్కూలు దాటిన పిల్లలున్న ఇంట్లో పెద్దలు ముందు ఒకసారి చూసి, తరువాత వారికి చూపవచ్చు.