సాదా కాగితం, పక్కా కాగితం

మా తాత పోయాక ఆయన ట్రంకు పెట్టెలో ఒక కాగితం దొరికింది. నాలుగు మడతలు. రెవెన్యూ స్టాంపు, వేలిముద్రలు, ఇద్దరు సాక్షుల సంతకాలు, ఎకరం ఇరవై గుంటలకు నాలుగు దిక్కుల హద్దులు. సాదా బైనామా. సాదా అంటే మామూలు, బైనామా అంటే అమ్మకం పత్రం. తెలంగాణ ఊళ్ళల్లో తరాల పాటు ఎన్నో భూములు ఇట్లనే చేతులు మారాయి.

తాత అమాయకుడేం కాదు. కచేరీకి పోవాలంటే స్టాంపుల ఖర్చు, పైగా ఒక రోజు పని పోతుంది. అమ్మినాయన పక్కింటి మనిషి. మాట ఉంది కదా! అప్పటి పహాణీలో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు ఒక గడి ఉండేవి. మొదటి గడిలో అమ్మినాయన పేరు అట్లనే ఉండిపోయింది. రెండో గడిలో ఏటేటా తాత పేరు పడింది. దున్నేవాడు ఎవరో సర్కారుకు తెలుసు, ఆయనకు అది చాలు.

చట్టానికి చాలదు. నూరు రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మితే రిజిస్టర్ కావాల్సిందేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్తాయి. సాదా బైనామాలను సక్రమం చేయడానికి 1971 హక్కుల రికార్డుల చట్టంలో తర్వాత 5ఏ సెక్షన్ చేర్చారు. మా ఇంట్లో ఎవరూ అర్జీ పెట్టలేదు. అమ్మినాయన కొడుకులు అదే భూమిని ఇంకొకరికి రిజిస్టర్ చేసిచ్చారు. ఆయన చేతిలో పక్కా దస్తావేజు, మా చేతిలో నాలుగు మడతల కాగితం. కేసు ఇంకా నడుస్తోంది.

అందుకే నేను నూటయాభై గజాల ప్లాటు చూసుకున్నప్పుడు, రిజిస్ట్రేషన్ అయితే చాలనుకున్నా. లాయరమ్మ నవ్వింది. "రిజిస్టర్ అయ్యేది కాగితం, హక్కు కాదు" అంది. సంతకం పెట్టేది ఎవరో, స్టాంపు డ్యూటీ కట్టారో లేదో సబ్‌ రిజిస్ట్రారు చూస్తాడు. అమ్మేవాడికి నిజంగా హక్కుందా అని తేల్చడం ఆయన పని కాదు. 2025లో తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది.

ఇంకో దారి లేకపోలేదు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ తెచ్చిన పద్ధతిలో సర్కారు రిజిస్టరులో ఉన్న పేరే హక్కు. ఆ వైపు అడుగేసిన ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం 2023లో అమల్లోకి వచ్చి, 2024లో రద్దయింది. కాబట్టి ఇక్కడ కొనేవాడే చరిత్రకారుడు కావాలి.

నేనూ అయ్యాను. ముప్పై ఏళ్ళ ఈసీ తీయించా. లింకు డాక్యుమెంట్లు వెనక నుంచి ముందుకు చదివా. ఒకచోట తండ్రి పోయి కొడుకులు అమ్మారు. మరి కూతుళ్ళ సంతకాలేవి? ఒకచోట జీపీఏ తగిలింది. ఒట్టి జీపీఏ మీద జరిగే అమ్మకంతో హక్కు రాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూశా.

అన్నీ చూశాక తాత గుర్తొచ్చాడు. ఈసీలో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలే. సాదా కాగితం మీద కొన్న మనిషి అందులో ఉండడు. ఆ మనిషి ఉండేది నేల మీద. ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్ళ హక్కు గురించి కొనేవాడికి తెలిసినట్టే లెక్కని 1882 చట్టం మూడో సెక్షనే అంటుంది. అంటే, పోయి అడగాలి.

ఆదివారం పొద్దున ప్లాటు దగ్గరికి పోయాను. పక్కన బర్రెలు మేపుతున్న పెద్దాయనను అడిగాను, "పెద్దయ్యా, ఇది ఎవరిది?" అని.

మా భూమి కొన్నాయన కూడా ఒక్కసారి వచ్చి ఇట్ల అడిగి ఉంటే, మోటరు కాడ కూర్చున్న తాతే జవాబు చెప్పేవాడు.