విమోచన: తాకట్టు భూమి నుంచి సిలువ దాకా

తెలుగులో ‘విమోచన’ అనగానే కొందరికి సెప్టెంబరు 17, హైదరాబాద్ సంస్థానం గుర్తుకొస్తాయి. మరికొందరికి మోక్షం స్ఫురిస్తుంది. బైబిల్లో ఈ మాట రెండు అర్థాలకూ దగ్గరగా వస్తుంది కానీ, అది పుట్టిన చోటు వేరు. తాకట్టు పెట్టిన నగను డబ్బు కట్టి ‘విడిపించుకున్నాం’ అంటాం. బైబిల్ విమోచన మొదట అలాంటి విడిపించడమే. భూమి, అప్పు, బానిసత్వం చుట్టూ తిరిగే ఈ వ్యవహారపు మాట పాపం, మరణం నుంచి మనిషి విడుదలను చెప్పే మాటగా ఎలా మారింది? ఆ మార్పులో మొదటి అర్థం నిలిచిందా, పోయిందా? క్రైస్తవ చరిత్రలోని పెద్ద వివాదాలు కొన్ని ఈ ప్రశ్న చుట్టూనే సాగాయి.

దగ్గరి బంధువు బాధ్యత

హీబ్రూ బైబిల్లో ఇందుకు ముఖ్యంగా రెండు క్రియలున్నాయి. ‘పాదా’ అంటే వెల చెల్లించి విడిపించడం. ‘గాఅల్’ అంటే బంధువుగా ఉన్న హక్కుతో, బాధ్యతతో తిరిగి తెచ్చుకోవడం. ఆ బాధ్యత మోసేవాడు ‘గోయెల్’.

లేవీయకాండము 25వ అధ్యాయం దీని నియమాలు చెబుతుంది. పేదరికం వల్ల ఒకడు భూమి అమ్ముకుంటే దగ్గరి బంధువు దాన్ని విడిపించవచ్చు. యాభయ్యో ఏడు సునాద సంవత్సరం. అప్పుడు భూమి ఎలాగూ అసలు కుటుంబానికి చేరుతుంది కాబట్టి, ఆలోగా మిగిలిన పంటల లెక్కన ధర కడతారు. ప్రాకారమున్న పట్టణంలోని ఇంటికైతే గడువు ఒక్క ఏడాదే. పరదేశికి తనను తానే అమ్ముకున్నవాణ్ని సోదరుడో, తండ్రి సోదరుడో, అతని కొడుకో విడిపించవచ్చు.

రూతు గ్రంథంలో ఈ నియమం కథ అవుతుంది. వితంతువులైన నయోమి, ఆమె కోడలు రూతు దిక్కులేక బేత్లెహేము చేరతారు. రూతు మోయాబు దేశస్థురాలు. నయోమి భర్త పొలం విడిపించడానికి అందరికన్నా దగ్గరి బంధువు మొదట ఒప్పుకుంటాడు. పొలంతో పాటు రూతు బాధ్యత కూడా వస్తుందని తెలిశాక, తన ఆస్తికి నష్టమని వెనక్కి తగ్గుతాడు. ఊరి గుమ్మం దగ్గర పదిమంది పెద్దల ఎదుట బోయజు ఆ బాధ్యత తీసుకుంటాడు. అంటే విడిపించేవాడు తన సొంతంలోంచి కొంత పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి.

దేవుడే బంధువైతే

నిర్గమకాండములో ఈ మాట ఒక కుటుంబం నుంచి మొత్తం జాతికి విస్తరిస్తుంది. ఐగుప్తులో వెట్టిచాకిరీ చేస్తున్న ఇశ్రాయేలీయులను విడిపిస్తానని దేవుడు చెప్పేటప్పుడు వాడిన క్రియ ‘గాఅల్’. ఫరోకు మాత్రం ఎవరూ వెల చెల్లించరు. ఇక్కడ విమోచన బేరం కాదు, బంధుత్వాన్ని నిలబెట్టుకోవడం.

క్రీస్తు పూర్వం 6వ శతాబ్దంలో యెరూషలేము కూలి, ప్రజలు బబులోను చెరలో పడ్డాక యెషయా గ్రంథపు రెండో భాగం దేవుణ్ని పదే పదే ‘గోయెల్’ అని పిలుస్తుంది. ఊరికే అమ్ముడుపోయినవారు డబ్బు లేకుండానే విడుదలవుతారని 52వ అధ్యాయం చెబుతుంది. కీర్తనల్లో ఈ భావం మరో మెట్టు ఎక్కుతుంది. మరణం నుంచి తప్పించగల వెల ఏ మనిషీ చెల్లించలేడని 49వ కీర్తన, దేవుడు ఇశ్రాయేలును దోషాల నుంచి విడిపిస్తాడని 130వ కీర్తన అంటాయి. అంటే విమోచన ఆత్మకూ వర్తిస్తుందన్న ఆలోచన కొత్త నిబంధనతో మొదలైంది కాదు.

వెల ఎవరికి?

మార్కు సువార్త 10వ అధ్యాయంలో యేసు తన ప్రాణాన్ని అనేకులకు బదులుగా ఇచ్చే విమోచన క్రయధనంగా చెబుతాడు. అక్కడి గ్రీకు మాట ‘లుత్రోన్’. బానిసలను, యుద్ధఖైదీలను విడిపించే సొమ్ముకు వాడుకలో ఉన్న పదమిది. పౌలు తన లేఖల్లో ఇదే కుటుంబానికి చెందిన ‘అపొలుత్రోసిస్’ వాడాడు. ఆ వెల వెండి బంగారాలు కాదు, క్రీస్తు రక్తమని పేతురు మొదటి పత్రిక వివరిస్తుంది. మోక్షభావనతో తేడా ఇక్కడే కనిపిస్తుంది. ఇది జ్ఞానంతోనో సాధనతోనో జన్మచక్రాన్ని దాటడం కాదు. తనను తాను విడిపించుకోలేని మనిషి కోసం మరొకరు వెల చెల్లించడం.

మరి ఆ వెల ఎవరికి ముట్టింది? సాతానుకే అన్న ధోరణి 3వ శతాబ్దపు ఓరిజెన్‌లోనూ, 4వ శతాబ్దపు నిస్సా గ్రెగొరీలోనూ ఉంది. దోపిడీదారుకు దేవుడు వెల కట్టడమేమిటని నజియాంజుస్ గ్రెగొరీ దాన్ని తిరస్కరించాడు. 1098లో ముగించిన గ్రంథంలో ఆన్సెల్మ్, మనిషి దేవుని ఘనతకు బాకీపడ్డాడనీ, దేవుడూ మనిషీ అయిన క్రీస్తే దాన్ని తీర్చగలడనీ వాదించాడు. అయితే సువార్తలు వెల గురించి చెబుతాయి కానీ, పుచ్చుకున్నదెవరో చెప్పవు. నిర్గమకాండములో ఫరోకు ఏమీ ముట్టలేదని గుర్తుంచుకుంటే, ఈ మాట బరువంతా పుచ్చుకున్నవాడి మీద కాదు, ఇచ్చినవాడి మీద ఉందని తెలుస్తుంది.

కత్తిరించిన బైబిల్

వివాదం వేదాంతుల మధ్యే మిగిలిపోలేదు. 1807లో లండన్‌లో కరీబియన్ బానిసల కోసం ఒక బైబిల్ అచ్చయింది. పాత నిబంధనలో ఎక్కువ భాగాన్ని అందులో తీసేశారు. పది ఆజ్ఞలు ఉంచారు, ఐగుప్తు నుంచి విడుదలైన కథను మాత్రం ఉంచలేదు. ఆత్మకు విమోచన ప్రకటిస్తూ శరీరానికి దాన్ని దాచిపెట్టాలంటే పుస్తకాన్నే కత్తిరించాల్సి వచ్చింది. 1971లో పెరూ మతాచార్యుడు గుస్తావో గుటియెర్రెజ్ విమోచన వేదాంతంపై తన గ్రంథం వెలువరించాడు. 1980లలో అరవింద్ నిర్మల్ దళిత వేదాంతానికి పునాది వేశాడు. ఇద్దరూ నిర్గమం వైపు, దాని తర్వాత ఇశ్రాయేలీయులు చెప్పుకున్న విశ్వాసపు మాటల వైపు తిరిగి చూశారు.

తెలుగు నేల మీదా ఈ రెండు అర్థాలూ ఎదురుపడ్డాయి. 1876–78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని చూపించాడు. తిండి కోసం మతం మారారనే మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. వారు కోరుకున్నది పాపక్షమాపణా, వెట్టి నుంచి గౌరవమా అని విడదీసి అడగడం తేలికే. విమోచన అన్న మాట మాత్రం ఆ రెంటినీ మొదటి నుంచీ కలిపే మోసింది.

పౌలు కూడా విడదీయలేదు. రోమీయులకు రాసిన లేఖ 8వ అధ్యాయంలో దేహపు విమోచన కోసం ఎదురుచూస్తున్నామని, సృష్టి అంతా నాశనపు దాస్యం నుంచి విడుదల కోసం మూలుగుతోందని అంటాడు. క్రైస్తవ దృష్టిలో వెల చెల్లించడం జరిగిపోయింది, విడుదల ఇంకా పూర్తి కావాల్సి ఉంది. చేను విడిపించడంతో మొదలైన మాట చివరికి నేలనంతటినీ తన లెక్కలోకి తీసుకుంది.