పేట నుంచి నందిగామ దాకా: మన నాన్నల సైకిల్ చరిత్ర

జగ్గయ్యపేట చరిత్ర అని ఫోన్‌లో కొడితే ముందు వచ్చేది ధనంబోడు స్తూపం. 1880లలో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించినప్పుడు దొరికిన పలకల్లో ఒకటి మాంధాత చక్రవర్తిది. రాజు చెయ్యి పైకెత్తి ఉంటాడు, మబ్బుల్లోంచి నాణేలు రాలుతుంటాయి. చుట్టూ ఏనుగు, గుర్రం, ఒక చక్రం. ఆ చక్రం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఇవాళ ఇంకో చక్రం గురించి మాట్లాడతాను. మా నాన్న ముప్పై ఏళ్ళ పాటు రోజూ తొక్కిన సైకిల్ చక్రం. సైకిల్‌కి చరిత్ర ఏంటి బాబూ అని స్క్రోల్ చేసెయ్యకండి, ఒక్క పది నిమిషాలు ఉండండి.

ముందు మ్యాప్ ఓపెన్ చేయండి. కృష్ణా జిల్లా అనగానే సినిమాల్లో చూపించేది కాలువ గట్టు, కొబ్బరి చెట్లు. అదంతా డెల్టా. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక అక్కడ కాలువల్లో నీళ్ళే కాదు, పడవలు కూడా తిరిగాయి. మనది మెట్ట. ఆ కాలువలు మన ఎత్తుకి రాలేదు. సాగర్ ఎడమ కాలువ వైపు నీళ్ళు కదిలిందే 1967లో. నందిగామకి ఈ రోజుకీ రైలు స్టేషన్ లేదు. అంటే మనవాళ్ళు ఊరు దాటాలంటే ఎడ్లబండి, లేకపోతే కాళ్ళు. బస్సు వచ్చాక కూడా అది మెయిన్ రోడ్డు మీదే ఆగేది. అక్కడి నుంచి ఊళ్ళోకి మళ్ళీ కాళ్ళే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. నడిచే మనిషి గంటకి 5 కిలోమీటర్లు పోతాడు. సైకిల్ మీద తాపీగా తొక్కినా 15. దూరం మూడింతలే కదా అనుకుంటాం. కానీ ఊరి చుట్టూ ఒక గుండ్రం గీసి చూడండి, గంటలో చేరగలిగిన ప్రాంతం తొమ్మిదింతలు అవుతుంది. సంత, కోర్టు, హైస్కూలు, ఆసుపత్రి, మిల్లు అన్నీ ఒక్కసారిగా ఆ గుండ్రం లోపలికి వచ్చేస్తాయి. పైగా అదే దూరానికి నడకకి ఖర్చయ్యే శక్తిలో ఐదో వంతు చాలు. 1973లోనే ఎస్.ఎస్. విల్సన్ అనే ఇంజినీరు ఇది లెక్కకట్టి రాశాడు. మన మెట్ట కూలీకి ఆ వ్యాసం తెలీదు గానీ, లెక్క మాత్రం కాళ్ళకి తెలుసు.

మొదట్లో సైకిళ్ళన్నీ సీమ సరుకే. ర్యాలీ, హెర్క్యులిస్, బి.ఎస్.ఏ. అని ఇంగ్లాండు పేర్లు. ఊళ్ళో కరణానికో, మాస్టారికో, కాంపౌండరుకో ఉండేది. స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో బండి మన దేశంలోనే తయారవడం ఊపందుకుంది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో. ఆ తర్వాతే అది మామూలు మనిషి చేతికి అందింది. అందడం అంటే సులువుగా కాదు. పెళ్ళిలో అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో అడిగే రోజులవి. కొనలేనివాళ్ళకి గంట అద్దె షాపులు. నేను నేర్చుకున్నది కూడా అద్దె సైకిల్ మీదే, సీటు అందక బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కి. మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది.

ఈ బండికి గౌరవం కూడా ఒక గొడవే. మా తాతయ్య చెప్పేవాడు. కొన్ని వీధుల్లో పెద్దవాళ్ళ ఇళ్ళు వస్తే కింది కులాలవాళ్ళు సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాలి. మళ్ళీ ఆ వీధి దాటాకే ఎక్కాలి. అరుగు మీద కూర్చున్నవాడి కంటే సీటు మీద కూర్చున్నవాడు ఎత్తులో ఉంటాడు కదా, అదీ సమస్య. సైకిల్ కొనగలగడం వేరు, దాని మీద కూర్చుని పోగలగడం వేరు. మరోపక్క చూస్తే పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్ళారు. ఆయన మన కృష్ణా జిల్లా గన్నవరం నుంచే ఎమ్మెల్యే. ఇక ఎన్టీఆర్ చదువుకునే రోజుల్లో విజయవాడ హోటళ్ళకి సైకిల్ మీద పాలు పోసిన సంగతి మీరు వినే ఉంటారు. పార్టీ సంగతి పక్కన పెట్టండి, 2022 నుంచి పేట, నందిగామ రెండూ ఉన్నది ఆయన పేరున్న జిల్లాలోనే.

ఇంకో ముచ్చట. 1948 దాకా జగ్గయ్యపేట దాటితే అవతల నైజాం. కోదాడ వైపు పోవాలంటే కరోడ్‌గిరి నాకా, అంటే కస్టమ్స్. అక్కడ డబ్బు కూడా వేరే, హాలీ సిక్కా. ఇవాళ మీరు బైక్ మీద బిర్యానీ తినడానికి పోతున్న కోదాడ అన్నమాట.

సరే, అసలు విషయానికి వస్తాను. మా ఊరు నందిగామకి పడమర పక్క, పదకొండు కిలోమీటర్లు. నాన్న నందిగామలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో కాటా దగ్గర గుమాస్తా. పొద్దున తూర్పుకి పోవాలి, ఎండ మొహం మీదే. సాయంత్రం పడమరకి రావాలి, అప్పుడూ ఎండ మొహం మీదే. వేసవిలో పడమటి గాలి పొద్దున వెనక నుంచి తోసేది. సాయంత్రం అదే గాలి ఎదురు నిలబడి, తొక్కినా బండి కదలనిచ్చేది కాదు.

వానాకాలం ఇంకో కథ. మాది నల్లరేగడి. తడిస్తే మట్టి టైరుకి, మడ్‌గార్డుకి మధ్య ముద్దగా ఇరుక్కుపోయి చక్రం తిరగదు. పుల్లతో గీకాలి, పది అడుగులు పోవాలి, మళ్ళీ గీకాలి. చివరికి సైకిల్ మనల్ని మోయదు, మనమే దాన్ని భుజాన వేసుకోవాలి. ఇరవై కిలోల ఇనుము. పేట వైపువాళ్ళకి ఈ బాధ తక్కువ, వాళ్ళది సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీల తెల్ల దుమ్ము. ఎండాకాలంలో ఇద్దరికీ తుమ్మముళ్ళు కామన్. జేబులో వాల్ ట్యూబు ముక్క, క్యారేజీకి కట్టిన పంపు లేకుండా నాన్న బయల్దేరేవాడు కాదు.

ఇప్పుడు మీకు నమ్మబుద్ధి కాదు గానీ, సైకిల్‌కి కూడా పన్ను ఉండేది. మున్సిపాలిటీకో పంచాయతీకో ఏటా కడితే రేకు బిళ్ళ ఇచ్చేవాళ్ళు. బిళ్ళ లేకపోయినా, డబుల్స్ తొక్కినా, రాత్రి లైటు లేకపోయినా ఆపేవాళ్ళు. జరిమానా కట్టే డబ్బుల్లేకపోతే గాలి తీసేసి నడిపించేవాళ్ళు. వెనక మడ్‌గార్డు మీద తెల్ల రంగు, ఎర్ర అద్దం ఉండాలి. ఈ రూల్స్ అన్నీ పేదవాణ్ణి పీడించడానికే అని నేను చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. పన్ను విషయంలో ఇప్పటికీ అదే అనుకుంటాను. లైటు విషయంలో మాత్రం కాదు.

1999 డిసెంబరు. నేను ఇంటర్. నాన్న సైకిల్‌కి డైనమో ఉండేది. టైరుకి రాసుకుంటూ తిరిగితే ముందు బల్బు వెలిగేది. దాని స్ప్రింగు సాగిపోయి పగలు కూడా టైరుకి ఆనుకునేది, తొక్కుడు బరువు. ఆదివారం నందిగామలో సినిమాకి ఫ్రెండుతో పందెం వేసుకుని పోతూ నేను డైనమో విప్పేసి బిస్కెట్ డబ్బాలో పడేశాను. తిరిగి బిగించడం మర్చిపోయాను. సోమవారం పొద్దున వెలుగులో నాన్న చూసుకోలేదు. పత్తి సీజను కదా, రాత్రి ఎనిమిదికి మిల్లు వదిలారు. చీకట్లోనే బయల్దేరాడు.

అప్పటికి అది రెండు వరసల రోడ్డు, ఎన్.హెచ్. 9. ఎదురుగా వచ్చే లారీలు రెండు ఒకదాన్నొకటి దాటుతున్నాయి. లైటు లేని సైకిల్ వాళ్ళకి కనపడలేదు. నాన్న మార్జిన్ దిగబోయి గోతిలో పడ్డాడు. కాలర్ బోన్ విరిగింది. రెండు నెలలు మిల్లుకి పోలేదు, జీతం లేదు. ఆ సంవత్సరం నా ఫీజు అమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టాం. నాన్న నన్ను తిట్టలేదు. "ఎక్కేముందు చూసుకోవాల్సింది నేనురా" అన్నాడు, అంతే. తిట్టుంటే బాగుండేది.

మా చెల్లికి సైకిల్ నేర్పలేదు, ఆడపిల్లకెందుకని. పదో తరగతితో ఆగిపోయింది. హైస్కూలు ఊరికి దగ్గరే, కాలేజీ దూరం, అంతే తేడా. 1990ల మొదట్లోనే తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా లక్ష మందికి పైగా ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నారు. బీహార్‌లో 2006 నుంచి హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ లెక్క తీస్తే, సెకండరీ స్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. మన దగ్గర కూడా తర్వాత సర్కారు బడి ఆడపిల్లలకి సైకిళ్ళు ఇచ్చారు. మా చెల్లి కూతురికి ఒకటి వచ్చింది. చెల్లి దాన్ని వారం రోజులు ఇంటి ముందు తుడుస్తూనే ఉంది. ఒకరోజు తెల్లవారుజామున, ఎవరూ చూడకుండా, తనే నేర్చుకోవడం మొదలుపెట్టింది. నలభై దగ్గర పడుతోంది అప్పటికి.

2010ల మొదట్లో ఆ రోడ్డు నాలుగు వరసలైంది, నెంబరు కూడా 65కి మారింది. మంచిదే, హైదరాబాద్ దగ్గరైంది. కానీ మధ్యలో డివైడర్ వచ్చింది. ఇటు ఊరు, అటు పొలం అయితే సైకిల్‌వాడు కట్ దాకా పోయి తిరిగి రావాలి. రెండు కిలోమీటర్లు ఎవడు తొక్కుతాడు? రాంగ్ సైడ్‌లో వస్తాడు. కారులో మనం హారన్ కొట్టి తిడతాం. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం కాని పనులకి సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు దేశంలో 2 కోట్ల 60 లక్షల మంది తేలారు. చిల్లకల్లు టోల్‌గేట్ దగ్గర నిలబడి చూడండి. సైకిల్‌ని డబ్బులు అడగరు, నిజమే. దానికంటూ గీసిన గీత కూడా నాకైతే ఎక్కడా కనపడలేదు.

నాన్న సైకిల్ పాకలో ఉంది. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు ఓవరాలింగ్ చేయించాను. షాపతను డైనమో ఏదండీ అని అడిగాడు. బిస్కెట్ డబ్బా వెతికితే దొరికింది, తుప్పు పట్టి. స్ప్రింగు మార్చి బిగించాడు. చీకటి పడ్డాక నాన్నే తొక్కి చూపించమన్నాడు, డెబ్భై ఆరేళ్ళ మనిషి ఎక్కలేక సీటు పట్టుకుని నిలబడ్డాడు. నేను వీధి చివరిదాకా పోయి వచ్చాను. బల్బు వెలిగింది. "ఇంకొంచెం కిందికి వంచు, గోతులు కనపడాలి" అన్నాడు.

మీ ఇంట్లో పాత రేకు బిళ్ళ ఉంటే ఫోటో తీసి దాచండి. వచ్చే ఎపిసోడ్‌లో ముక్త్యాల బల్లకట్టు.