మచ్చికైన కోడి వేరు, పెంపుడు కోడి వేరు

మాది టేకులపల్లి అని మీకు తెలుసు కదా. అటు ఇల్లందు, ఇటు కొత్తగూడెం, మధ్యలో అడవి. మా తాత చిన్నతనం మాత్రం గోదావరి అవతల, భద్రాచలం దాటాక ఒక చిన్న పల్లెలో గడిచింది.

అప్పట్లో ఎవరో అడవి కోడి గుడ్లు తెచ్చి ఇంటి కోడి కింద పెట్టారట. పిల్లలు పుట్టాయి. తల్లి ఇంటి కోడే, తినేది మన నూకలే. కానీ మనిషి అడుగు చప్పుడైతే చాలు, ఆకుల కింద మాయం! రెక్కలు రాగానే చెట్టెక్కాయి, ఆ తర్వాత అడవిలోకే. (ఇప్పుడు ఎవరూ ట్రై చెయ్యకండి, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.)

మరి పక్కనే పెరిగిన నాటు కోడి పిల్లలు ఎందుకు పారిపోలేదు?

తెలుగులో రెండు మాటలున్నాయి: మచ్చిక, పెంపుడు. మనం కలిపేస్తాం కానీ రెండూ ఒకటి కాదు. ఏనుగునే చూడండి. కాకతీయుల సైన్యంలోనూ ఏనుగులుండేవి. వేల ఏళ్లుగా మనతో ఉన్నా, ఎక్కువగా అడవి నుంచి పట్టి తెచ్చినవే. ఒక్కోదాన్ని కొత్తగా లొంగదీయాలి. అది మచ్చిక. ఒక్క జంతువుతో మొదలై దానితోనే అయిపోతుంది. పెంపుడు అంటే తరతరాలుగా ఏది పిల్లలు పెట్టాలో మనిషి దగ్గరి బతుకే నిర్ణయించడం. మా ఇంజినీర్ల భాషలో మచ్చిక సెట్టింగ్స్ మార్చడం, పెంపుడు సోర్స్ కోడే మారిపోవడం.

కోడి విషయంలో అదెలా జరిగింది? 2020లో వచ్చిన జన్యు అధ్యయనం ప్రకారం ఇంటి కోడి మూలం మయన్మార్, ఉత్తర థాయిలాండ్, నైరుతి చైనా వైపు ఉండే ఎర్ర అడవి కోడి. థాయిలాండ్‌లో బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన ఎముకలు క్రీ.పూ. 1650–1250 నాటివి. 2022లో పరిశోధకులు చెప్పిందేంటంటే, వరి, చిరుధాన్యాల పొలాలే ఈ పక్షుల్ని మనుషుల దగ్గరికి లాగాయని. అంటే ఎవరో వెళ్లి పట్టుకురాలేదు, గింజల కోసం అవే వచ్చాయి. బెదరనివి మిగిలాయి, పిల్లలు పెట్టాయి.

ఇప్పుడు మన గోదావరి దగ్గరికొద్దాం. ఎర్ర అడవి కోడికి దక్షిణాన సుమారుగా ఈ నదే హద్దు. ఇంకా దక్షిణాన ఉండేది బూడిదరంగు అడవి కోడి. ఇంటి కోళ్లన్నీ ఎర్రదాని సంతతే అన్నాడు డార్విన్. కానీ చాలా ఇంటి కోళ్ల చర్మం, కాళ్లు పసుపు కదా? ఆ జన్యువు బూడిదరంగు కోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. మన దక్షిణాది అడవి పక్షి ఇచ్చిన రంగు, ప్రపంచమంతా తిరుగుతోంది!

బదులుగా కోడి పోగొట్టుకున్నదీ తక్కువ కాదు. అడవి పెట్ట ఒక విడతకు నాలుగైదు గుడ్లు పెట్టి, వాటిమీద కూర్చుంటుంది. ఫారం లేయర్ ఏడాదికి 300 దాకా పెడుతుంది, కానీ పొదగడమే మర్చిపోయింది. ఇంక్యుబేటర్ ఆపేస్తే ఆ జాతి కథ అక్కడితో సరి. నాటు కోడి నయం, ఇంకా పొదుగుతుంది, చెట్టూ ఎక్కుతుంది.

అయితే నన్ను భయపెట్టేది ఇంకొకటి. ఇంటి కోళ్లు అడవి అంచున మేస్తూ అడవి కోళ్లతో కలుస్తాయి. ఇంటి కోడి జన్యువులు అడవి పక్షుల్లోకి చేరిపోతున్నాయని, గత వందేళ్లలో ఇది బాగా పెరిగిందని 2023లో ఒక అధ్యయనం వచ్చింది. అడవి కోడిని చంపక్కర్లేదు, ఇలా కూడా అయిపోవచ్చు.

మొన్న సంక్రాంతికి తాతను తీసుకుని ఆ పల్లెకి వెళ్లాను. తెల్లవారుజామున అడవి వైపు నుంచి కూత వచ్చింది. చివర్లో టక్కున తెగితే అడవిది, సాగితే ఇంటిది అంటాడు తాత. ఆ రోజు చాలాసేపు విని, "ఇది ఏదో తెలుస్తలేదురా" అన్నాడు.