మెదడును చూసిన కథ

మన రావులపాలెంలో పెద్దవాళ్ళు ఇంటి దారి మరచినా, మనవల పేర్లు కలిపేసినా "వయసు మీద పడింది, ఏం చేస్తాం" అని ఊరుకోవడం రివాజు. మేమూ మా దాదీ విషయంలో అలాగే ఊరుకున్నాము. నవ్వుకున్నాము కూడా. అందుకే ఈ చరిత్ర రాయదలచాము.

ఒకప్పుడు బతికున్న మనిషి మెదడును చూడటం వైద్యుల తరం కాలేదు. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో 51 ఏళ్ళ స్త్రీ ఒకామె మతిమరుపుతో చేరింది. డాక్టర్ ఆల్‌జైమర్ ఆమెను ప్రశ్నలడిగి జవాబులు రాసుకున్నాడే గాని, తలలో ఏమవుతోందో ఎలా చూస్తాడు? 1906లో ఆమె పోయాక, మెదడును తెప్పించి మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడే తెలిసింది.

1895లోనే ఎక్స్‌రే వచ్చింది గాని, దానికి ఎముక కనబడేది, మెదడు కనబడేది కాదు. 1919లో అమెరికాలో డాండీ అనే సర్జన్ వెన్నులోంచి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసే పద్ధతి చెప్పాడు. దాంతో రోగికి విపరీతమైన తలనొప్పి, వాంతులు. ముసలి ప్రాణం ఓర్చుకోగలదా?

1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో మొట్టమొదటిసారి ఒక రోగి తలను సి.టి. స్కానింగ్ చేశారు. ఆ యంత్రం చేసిన హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఇ.ఎం.ఐ. కంపెనీలో ఇంజనీరు. కుక్క బొమ్మతో హెచ్.ఎం.వి. గ్రామఫోను రికార్డులు అమ్మిన కంపెనీయే అది! 1979లో కార్మాక్‌తో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎం.ఆర్.ఐ. ఆ తర్వాతది.

అయితే మామూలు స్కానింగ్ ఒక్కటే చూసి "ఇది ఆల్‌జైమరే" అని తేల్చలేరు. దాని అసలు మేలు వేరు. నయం చేయదగ్గ కారణం దాగి ఉంటే పట్టిస్తుంది. పెద్దవాళ్ళు జారిపడితే, కొన్ని వారాలకు పుర్రె కింద రక్తం చేరి మతి తప్పవచ్చు. మెదడు గదుల్లో నీరు చేరినా అంతే. నడక తడబడటం, మూత్రం ఆగకపోవడం, మతిమరుపు కలిసి వచ్చే ఈ జబ్బును 1965లో లోకానికి తెలిపినవాడు కొలంబియా దేశపు డాక్టర్ సాలమన్ హకీమ్. పేరులోనే హకీమ్ ఉన్నాడు చూడండి! ఈ రెండింటికీ ఆపరేషన్ ఉంది. థైరాయిడ్, బి12 లోపాలు మాత్రం రక్తపరీక్షలో తెలుస్తాయి.

మనకు సంబంధించిన మాట ఇంకొకటి. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి, డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ఒక సంగతి ప్రకటించింది. ఒక్క భాషే వచ్చినవారికన్నా రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చిందట. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మనకు సంతోషమే. కాని ఆలస్యమే, రాకపోవడం కాదు.

మా దాదీకీ రెండూ వచ్చు. గోదావరి రేవు మెట్ల మీద జారిపడిన నెలన్నరకు మా పేర్లు మరచింది. ఆ పడటానికీ ఈ మరుపుకీ ముడి ఉండొచ్చని మాకెవరికీ తోచలేదు, డాక్టరుకూ చెప్పలేదు. అది రక్తమో, వయసో ఇక తెలిసే దారి లేదు.