రంగం బ్యారక్‌లు, మలయా లైన్లు: ఉత్తరాంధ్ర వలస కూలీల నివాసం, కుటుంబం

నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వలస చరిత్రను సాధారణంగా కరువు, అప్పు, మేస్త్రీల పాత్ర అనే కోణాల నుంచి పరిశీలిస్తారు. కూలీకి దొరికిన నివాసం అతని కుటుంబ స్వరూపాన్ని ఎలా నిర్ణయించిందన్నది అంతే ముఖ్యమైన అంశం. బర్మా, మలయా వలసలను పోల్చినప్పుడు ఇది స్పష్టమవుతుంది.

నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాలవారు కళింగపట్నం, బారువ, విశాఖపట్నం వంటి రేవులలో ఓడలెక్కి రంగూన్ చేరేవారు. ఉత్తరాంధ్ర వాడుకలో ఆ నగరమే 'రంగం'. దిగువ బర్మా డెల్టాలో వరికోతలు ముగిశాక వారిలో పలువురు బియ్యపు మిల్లులకు మళ్ళేవారు. అత్యధికులు ఒంటరి పురుషులు. ముఠాను కుదిర్చేవాడూ, ముందుగా ఇచ్చిన బయానాను కూలిలో మినహాయించుకునేవాడూ మేస్త్రీయే. మిల్లు బ్యారక్‌లలోనూ, నగరంలోని వసతి గృహాలలోనూ మనిషికి దక్కింది పడుకునేంత చోటు. వసతి గృహంలో ఎందరుండాలో లైసెన్సు నిర్దేశించినా ఆ పరిమితిని తరచు అతిక్రమించేవారు. అక్కడ భార్యాబిడ్డలకు తావు లేదు. పిల్లల పెంపకం, వృద్ధుల పోషణ స్వగ్రామంలోని స్త్రీల భారమయ్యాయి. యజమాని చెల్లించని కుటుంబ వ్యయాన్ని ఆ స్త్రీల శ్రమ భరించింది.

మలయా తోటలలో పరిస్థితి వేరు. దిగువ పేరాక్‌లోని బగాన్ దాతో పరిసరాల కొబ్బరి తోటలలో తెలుగువారు గణనీయంగా స్థిరపడ్డారు. స్త్రీలు కూడా తోటపనిలో కూలీలే కావడంతో వరుసగా కట్టిన లైన్ ఇళ్ళలో ఒక్కొక్క గది ఒక్కొక్క సంసారానికి ఆశ్రయమైంది. బడియీడు పిల్లలు పదిమంది ఉన్న తోటలో పాఠశాల ఉండాలని 1923 నాటి కార్మిక నియమావళి నిర్దేశించింది. కొన్ని తోటలలో తెలుగు చదువు అలా నిలిచింది. అయితే గది తోట యాజమాన్యానిదే. పని పోతే ఇల్లూ పోయేది.

ఈ భేదం సంక్షోభ కాలంలో బయటపడింది. 1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాన్ బాంబుదాడి తరువాత ప్రాణాలతో మరలివచ్చినవారికి ఊళ్ళో స్త్రీలు నిలిపిన ఇల్లు ఉంది. 1950ల నుంచి మలయాలో పెద్ద తోటలను ముక్కలుగా విక్రయించినప్పుడు, అక్కడే పుట్టి పెరిగిన అనేక కుటుంబాలు జీవనోపాధినీ నివాసాన్నీ ఒకేసారి కోల్పోయాయి. కనుక ఉత్తరాంధ్ర వలస చరిత్రను కూలిరేట్లతోపాటు కూలీ తలదాచుకున్న గది ఎవరిదన్న ప్రశ్నతో కూడా పరిశీలించవలసి ఉంది.