ఏలూరులో కట్టిన జట్టు

ఈ కాలం పిల్లలు సెల్‌ఫోనులో ఆడే ఆటల్లో 'బాస్' అని ఒకడుంటాడు. ఆఫీసులో పై అధికారి అనుకునేరు, కాదు. పెద్ద రాక్షసుడన్నమాట. ఒంటరిగా వెళ్తే ఎంతటివాడైనా ఒక్క దెబ్బకి అవుట్. నలుగుర్ని కూర్చుకుని వెళ్లాలి. ఆ నలుగురూ ఒకే రకం అయితే లాభం లేదు. దెబ్బలు కాచేవాడొకడు, కొట్టేవాడొకడు, పడిపోయినవాళ్లకి ప్రాణం పోసేవాడొకడు, శత్రువు కళ్లు కప్పేవాడొకడు. తాడేపల్లిగూడెంలో మా చెల్లెలి మనవరాలు, తొమ్మిదో క్లాసు పిల్ల, పదిహేను రోజులుగా ఒక బాస్ కోసం జట్టు కడుతూనే ఉందిట. "కొట్టడం అయిదు నిమిషాలు తాతయ్యా, తయారవడమే అసలు ఆట" అంది.

ఆ మాటకి నాకు మా ఏలూరు గుర్తొచ్చింది. ఇప్పటి ఏలూరు కాదు, 1759 నాటి ఏలూరు. ఆ ఏడాది ఫిబ్రవరిలో సరిగ్గా ఇలాంటి జట్టే ఒకటి మా ఊళ్లో మూడు వారాలకి పైగా మకాం వేసి సరంజామా సర్దుకుంది. వాళ్లు కొట్టవలసిన బాస్ బందరు కోట. ఆ కోట పడిన రాత్రితో ఈ కోస్తా జిల్లాల తలరాత మారిపోయింది. అయినా మనం బళ్లో చదువుకున్న చరిత్రలో ప్లాసీకి ఉన్న చోటులో పదోవంతు కూడా దీనికి లేదు.

కథ కాస్త వెనకనుంచి ఎత్తుకోవాలి. సైన్యం ఖర్చులకని చెప్పి 1753లో సలాబత్‌జంగు శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగరం సర్కార్లని ఫ్రెంచివాళ్ల చేతిలో పెట్టాడు. బుస్సీ దొర వాటిమీద పెత్తనం చేశాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట కూలడం, తాండ్ర పాపారాయుడి కత్తికి విజయనగరం విజయరామరాజు బలికావడం తెలుగువాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత గద్దె ఎక్కిన ఆనందగజపతిరాజుకీ ఫ్రెంచివాళ్లకీ పొసగలేదు. 1758లో లాలీ బుస్సీని దక్షిణాదికి పిలిపించుకోగానే రాజు అదను చూసి విశాఖపట్నం పట్టుకుని, "రండి, కలిసి కొడదాం" అని చెన్నపట్నం ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు. లాలీ తమ మీదికే వచ్చి పడబోతున్నాడు, మావల్ల కాదన్నారు వాళ్లు. రాజు ఊరుకోలేదు, కలకత్తాకి రాశాడు. క్లైవు సరేనన్నాడు. అంటే ఈ జట్టుకి మొదటి మనిషి కంపెనీ కాదు, మన రాజే. ఇది గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు 500 మంది తెల్ల సోల్జర్లతో, 2000 మంది సిపాయిలతో 1758 అక్టోబరులో విశాఖలో దిగాడు. రాజు దగ్గర అయిదు వేలమంది కాల్బలం ఉన్నారు గాని, కొందరి చేతుల్లో పాతకాలపు తుపాకులు, తక్కినవాళ్ల చేతుల్లో బల్లేలూ విల్లమ్ములూ. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఎదురయ్యాడు. కంపెనీ సిపాయిలకీ ఎర్రకోట్లే కావడంతో ఫ్రెంచివాళ్లు వాళ్లనే తెల్ల సైన్యం అనుకుని మీద పడ్డారు. అసలు తెల్ల సైన్యం ఏపుగా ఎదిగిన చేను చాటున ఉంది. పక్కనుంచి వచ్చి దులిపేసింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి బందరు దారి పట్టాడు. రాజమండ్రి కూడా చేతికి చిక్కింది.

అక్కడికి ఫోర్డు వెంటబడి ఉంటే బందరు ఆ నెలలోనే పడేదేమో. కాని జట్టులో తగాదా వచ్చింది. దేనికంటారు? ఇంకేముంది, డబ్బుకే. సైన్యం ఖర్చుకి నెలకి 50,000 రూపాయలు ఇస్తానని ఒప్పందం రాసిన రాజు, గెలిచాక ఇదిగో అదిగో అన్నాడు. ఫోర్డు అలిగి గోదావరి అవతలికీ ఇవతలికీ తిరిగాడు. చివరికి విశాఖ ఫ్యాక్టరీ పెద్ద ఆండ్రూస్ మధ్యవర్తిత్వం చేసి కొత్త కాగితం రాయించాడు. రాజు ఇచ్చేది అప్పుగా లెక్క. గోదావరికి దక్షిణాన వసూలయ్యేది చెరిసగం. ఈ రభసలో దాదాపు యాభై రోజులు గాలికి పోయాయి. ఆ యాభై రోజుల్లో కాన్‌ఫ్లాన్స్ బందరు కోట బాగుచేసుకున్నాడు, నిజాముకి కబుర్లు పంపాడు. మనం తయారయ్యేటప్పుడు అవతలివాడు కూడా తయారవుతూ ఉంటాడని ఫోనులో ఆటలు కనిపెట్టినవాళ్లకి తోచినట్టు లేదు.

జనవరి 28న బయల్దేరి ఫిబ్రవరి 6న ఏలూరు చేరారు. ఇవాళ ఎక్స్‌ప్రెస్సు ఎక్కితే నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమడోలు కిటికీలోంచి చూస్తుండగానే దాటిపోయి గంటన్నరలో ఏలూరులో దిగుతాం. అప్పుడు తొమ్మిది రోజులు. వచ్చినవాళ్లు వెంటనే ముందుకి పోలేదు. రాజు దారిపొడుగునా పన్ను వసూళ్లు చేసుకుంటూ తాపీగా వెనకొచ్చాడు. ఆ వ్యవధిలో ఫోర్డు తీరికగా కూచోకుండా నరసాపురం వైపు కెప్టెన్ నాక్స్‌ని పంపాడు. అక్కడి ఫ్రెంచివాళ్లు తట్టుకోలేక ఖాళీ చేసి పోయారు. నరసాపురం జమీందారు 1500 మంది బంట్లతో జట్టులో చేరాడు. నన్నడిగితే ఏలూరు మజిలీలో దొరికిన పెద్ద లాభం ఇదే. ఫిరంగులు కలకత్తానుంచి తెప్పించుకోవచ్చు. పర్ర నేలలో, ఉప్పుటేళ్ల మధ్య పుట్టిపెరిగిన కాళ్లని ఎక్కడినుంచి తెప్పించుకుంటారు?

మార్చి 1న ఏలూరు విడిచారు. దారిలో ఒక చిన్న కోటలో పదముగ్గురు ఫ్రెంచి సోల్జర్లు, వాళ్లకో సార్జంటు, రెండు కంపెనీల సిపాయిలు అడ్డుపడ్డారు. ఫిరంగితో తలుపు బద్దలుకొట్టి గాని ముందుకి కదలలేకపోయారు. 6వ తేదీకి బందరు.

ఆ కోట సంగతి కొల్లేటి మనుషులకి చెబితే ఇట్టే అర్థమవుతుంది. రాతిగోడని ఫిరంగి పడగొడుతుంది, నీటినీ బురదనీ ఏం చేస్తుంది? కొల్లేటికోట గురించి మా వైపు ఒక కథ ఉంది. సరస్సు నడుమ లంకలో గజపతుల కోట. గట్టున చిగురుకోటలో దిగిన శత్రువులు. కోటని చేరలేక, సరస్సునే సముద్రంలోకి తోడేద్దామని ఉప్పుటేరు తవ్వించారట. పని నెరవేరాలని ఒక సేనాని కన్నకూతుర్నే బలి ఇచ్చాడనీ, అందుకే ఆ కాలవకి పేరంటాల కనమ అని పేరొచ్చిందనీ అంటారు. కథే అనుకోండి. కాని నీటికోటని కొట్టాలంటే ఏం ఖర్చవుతుందో ఆ కథ కట్టినవాళ్లకి తెలుసు.

బందరు కోట కూడా ఆ జాతిదే. ఊరికి ఎడంగా, ఒక పక్క సముద్రపు పాయ, తక్కిన పక్కలన్నీ ఊబి. ఊళ్లోంచి కోటకి ఒకే ఒక్క గట్టుబాట, దాని చివర కాపలా బురుజు. ఫోర్డు తూర్పున ఇసకదిబ్బల మీద ఫిరంగులు పెట్టాడు. లోపల ఉన్నవాళ్లు బయట ఉన్నవాళ్లకంటే ఎక్కువమంది! ముట్టడి అంటే ఇలా ఉండకూడదు.

ఇక కష్టాలు ఒకదాని వెనక ఒకటి. దోపిడి సొమ్ములో మా వాటా ఏదని మార్చిలో తెల్ల సోల్జర్లు ఆయుధాలతో సహా తిరగబడ్డారు. కోట పడితే దొరికినదంతా మీదే అని ఒప్పించాడు ఫోర్డు. సలాబత్‌జంగు పెద్ద సైన్యంతో బెజవాడ చేరాడు. వెనకాల ఫ్రెంచివాళ్లు రాజమండ్రి మళ్లీ పట్టుకున్నారు. ఆ కబురు వినగానే ఆనందగజపతిరాజు రాత్రికి రాత్రి డేరాలు పీకి ఇంటిదారి పట్టాడు. ఫోర్డు మనుషుల్ని పంపించి చెప్పించినది ఇది: వెనక ఫ్రెంచివాళ్లు, పక్కన నిజాము గుర్రాలు, ఎటుపోయినా చావే, బతికే చోటు ఒక్కటే, ఆ కోట లోపల. రాజు వెనక్కొచ్చాడు. పరాయివాణ్ని పొగడాలని నాకేం సరదా లేదు గాని, ఆ ఒక్క రాయబారం వంద ఫిరంగుల పెట్టు అని ఒప్పుకోక తప్పదు.

ఏప్రిల్ 7న మందుగుండు లెక్క చూస్తే రెండు రోజులకే ఉంది. ఆ రాత్రే అన్నాడు ఫోర్డు. అర్ధరాత్రి సముద్రం బాగా ఆటు తీసి, అగడ్తలో నీళ్లు తగ్గే వేళ చూసుకున్నాడు. తెల్ల సోల్జర్లు 350కి లోపు, సిపాయిలు 1400. నైరుతిన ఊబిలోంచి నాక్స్ సిపాయిలతో వెళ్లి దొంగదాడి చెయ్యాలి. గట్టుబాట మీద రాజు మనుషులు కేకలూ కాల్పులూ. ఈ రెండూ కాన్‌ఫ్లాన్స్ కళ్లు కప్పడానికి. అసలు దెబ్బ ఈశాన్యపు బురుజుకి ఫిరంగులు పొడిచిన గండి మీద. మోకాలిలోతు బురదలో నడిచి వెళ్లారు.

ఆర్మ్ అనే పాత చరిత్రకారుడు ఆ రాత్రిని గంట గంటకీ రాసిపెట్టాడు. కెప్టెన్ యార్క్ మనుషులు లోపల ఒక కొట్టు చూసి, మందుపాతర అని ఎవడో అరవగానే వెనక్కి పరుగెత్తారు. యార్క్ పక్కన మిగిలింది డ్రమ్ములు వాయించే ఇద్దరు నల్ల కుర్రాళ్లు. పారిపోయినవాళ్లు తిరిగొచ్చేదాకా వాళ్లు వాయిస్తూనే ఉన్నారు. తిరిగొచ్చారు, ముందుకి ఉరికారు, ఎదుటి ఫిరంగి పేలింది. యార్క్ రెండు తొడల్లోంచీ గుండ్లు దూసుకుపోయాయి. కుర్రాళ్లిద్దరూ అక్కడికక్కడే పోయారు. యార్క్ పేరు పుస్తకాల్లో ఉంది. వాళ్ల పేర్లు లేవు.

తెల్లవారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. 500 మంది తెల్లవాళ్లు, రెండున్నర వేలమంది ఇతరులు ఖైదీలయ్యారు. గెలిచినవాళ్లలో 22 మంది తెల్లవాళ్లు, 50 మంది సిపాయిలు చచ్చిపోయారు. గట్టుబాట మీద ఉత్తుత్తి దాడికి నిలబెట్టిన రాజు మనుషులు లోపల పని పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడి దెబ్బతిన్నారు. ఎంతమంది పోయారో ఆర్మ్ లెక్క రాయలేదు. మరో వారానికి సాయం తెచ్చిన ఫ్రెంచి ఓడలు బందరు రేవుకొచ్చి, కోట మీద వేరే జెండా చూసి మరలిపోయాయి.

మే 14న సలాబత్‌జంగు కంపెనీతో సంధి చేసుకున్నాడు. బందరు సర్కారు, నిజాంపట్నం, కొండవీడు వగైరా కంపెనీకి ఇనాం. ఫ్రెంచివాళ్లు కృష్ణ దాటి పోవాలి. ఆనందగజపతిరాజు పేరు కూడా అందులో ఉంది: ఇంతవరకు వసూలుచేసుకున్నది అడగం, ఈ ఏటి పేష్కష్ అడగం, వచ్చే ఏడునుంచి తాతతండ్రులు కట్టినట్టే కట్టాలి. అంతే. ఆయన 1760లో చనిపోయాడు. 1766లో నిజాముతో మరో సంధి కుదిరి, గుంటూరు తప్ప తక్కిన సర్కార్లు కంపెనీవి అయ్యాయి. ఆనందరాజు తర్వాత గద్దెకొచ్చిన చినవిజయరామరాజు పేష్కష్ బాకీ పడ్డాడని కంపెనీ సైన్యాన్ని పంపింది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర, ఆ సైన్యం తుపాకులకే ఆయన నేలకొరిగాడు.